నాన్నగారి చేత సైకిల్ మాన్పించాలా?

"నాన్నగారికి 70 దాటాయి, ఇంకా సైకిల్ మీదే తిరుగుతున్నారు, బ్యాలెన్స్ తప్పి పడతారేమో, మాన్పించమంటారా" అని అడిగారు కదా. వద్దండి. నాకు 68, తెనాలిలో ఉంటాం, కూరలకీ పాలకీ ఇప్పటికీ సైకిలే. తిన్నగా తొక్కుతూ ఉంటే పడేది తక్కువ, మా వయసులో జాగ్రత్త పడాల్సింది ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, వెనక్కి తిరిగి చూసేటప్పుడు.

మొన్న సంక్రాంతి ముందు అరిసెలకి తడిపిండి ఆడించి డబ్బా క్యారేజీకి కట్టుకుని వస్తున్నా, రైలు గేటు పడుతోంది, స్లో చేసి ఎప్పట్లాగే కాలు వెనకనుంచి తిప్పి దిగబోతే మడమ పోయి డబ్బాకి తగిలింది, అంతే, సైకిల్ అటు, నేను ఇటు, రోడ్డంతా ముగ్గేసినట్టు పిండి. ఎవరో కుర్రాడు "దెబ్బ తగిలిందా తాతగారూ" అంటుంటే నేనేమో మూత ఎక్కడికి దొర్లిందా అని చూస్తున్నా. ఆ డబ్బా ఎన్నేళ్లుగానో అదే, క్యారేజీ అదే, కాలే అంత ఎత్తు లేవడం లేదు.

తుంటి బిగుసుకుంటుంది, చెవి లోపల బ్యాలెన్స్ చూసే భాగం మందగిస్తుంది, స్లోగా పోయేటప్పుడు హ్యాండిల్ చకచకా సర్దుకోవాలి, అక్కడే లేటవుతాం. మెడ తిరగదు కాబట్టి వెనక ఆటో వస్తోందా అని చూడాలంటే భుజాలతో సహా తిరుగుతాం, దాంతో హ్యాండిల్ కూడా తిరిగి నడిరోడ్డు మీదకి పోతాం. బీపీ బిళ్ళలకి కొందరికి కళ్ళు తిరుగుతాయి, అది డాక్టర్‌కి చెప్పాల్సిందే. చీకటి పడ్డాక మాత్రం నేను కూడా తియ్యను, ఎదురొచ్చే ప్రతివాడూ ఆ తెల్ల లైట్లు మొహం మీద కొడతాడు, స్పీడ్ బ్రేకర్లకి రంగు వేసే నాథుడు లేడు.

మాన్పించే బదులు మధ్యలో కడ్డీ లేని లేడీస్ సైకిల్ కొనివ్వండి. మగాళ్ళకి నామోషీ అంటారు, నడుం విరిగి మంచాన పడితే నామోషీ కాదా? సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకి ఆనేంత దించండి, షాపువాడు మోకాలి నొప్పి వస్తుందంటాడు, కూరల బజారు దాకా పోవడానికి అంతగా రాదు. కుడివైపు చిన్న అద్దం బిగించండి.

మా అబ్బాయి సైకిల్ వద్దు, స్కూటీ కొనిస్తానంటున్నాడు. సైకిల్ ఒరిగితే పట్టుకోలేనివాణ్ణి, నూరు కేజీల బండి ఒరిగితే పట్టుకుంటానా?