లారీ సందేహాలు: పొద్దున్నే మొరాయించే బండి, తెలియకుండా తగ్గే కూలెంట్

ప్రశ్న: మా డీజిల్ లారీకి ఇరవై ఏళ్లు, పాతకాలం మెకానికల్ డీజిల్ పంపు. పగలంతా ఎన్నిసార్లు ఆపినా సగం సెల్ఫ్‌కే అందుకుంటుంది. రాత్రి ఆపి పొద్దున చూస్తే మాత్రం ఎంత కొట్టినా లేవదు. హ్యాండ్ ప్రైమర్ (చేత్తో డీజిల్ ఎక్కించే చిన్న పంపు) ముప్పై నలభై సార్లు కొడితే స్టార్ట్ అయి, ఒకసారి ఆగిపోయి, మళ్లీ లేస్తుంది. ఒక మెకానిక్ ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్స్ పోయాయంటున్నాడు, ఇంకో ఆయన పంపు దించాలంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇప్పుడప్పుడే ఇద్దరి మాటా వినకండి. జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. ప్రైమర్ కొడితే లేస్తోందన్నారు కదా, నాజిల్స్ అరిగినా, ఇంజన్‌లో గాలిని నొక్కే బలం, అంటే కంప్రెషన్ తగ్గినా ప్రైమర్ కొట్టినంత మాత్రాన లేవదు. రాత్రి పూట లైన్‌లో ఉన్న డీజిల్ మెల్లగా ట్యాంకులోకి వెనక్కి దిగిపోతోంది, దాని చోట గాలి చేరుతోంది. మీరు ప్రైమర్ కొట్టి ఆ గాలిని బయటికి తోస్తున్నారు, అంతే.

ఇది చాలామంది కంటికి దొరకకపోవడానికి కారణం ఉంది. ట్యాంకు నుంచి, డీజిల్‌ని లాగే ఫీడ్ పంపు దాకా ఉండే పైపు పీల్చే వైపు పైపు, అందులో ప్రెషర్ బయటి గాలి కంటే తక్కువ. అక్కడ సన్న చిల్లు పడితే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. పైపంతా పొడిగా, శుభ్రంగా కనిపిస్తుంది కాబట్టి ఇక్కడేమీ లేదనుకుని నేరుగా పంపు మీద పడతారు.

ముందు ఫిల్టర్‌కీ పంపుకీ మధ్య జానెడు పారదర్శకమైన డీజిల్ పైపు బిగించి, ఇంజన్ నడుస్తుండగా టార్చి వేసి చూడండి. ఆవగింజంత బుడగలు వరసగా పోతుంటే గాలి చేరుతున్నట్టే. తర్వాత ఒక శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి, ఫీడ్ పంపుకి కొత్త పైపుతో అందులోంచే ఇచ్చి, ఒక రాత్రి అలాగే వదలండి. డబ్బా పంపు కంటే కిందే ఉండాలి, పైన పెడితే డీజిల్ దానంతటదే దిగి తప్పు దాగిపోతుంది. పొద్దున బండి హాయిగా లేచిందా, లోపం ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న పాత పైపుల్లో ఉంది. లేవలేదా, అప్పుడు ఫీడ్ పంపు వాల్వు, ప్రైమర్ సీలు, ఫిల్టర్ గ్యాస్కెట్ చూడాలి.

పాత పైపుల్లో అయితే నేను మొదట చూసేది రాగి వాషర్లే. ఒకసారి బిగించిన వాషర్‌ని తీసి మళ్లీ వేస్తే అది ముందే నలిగి ఉంటుంది కాబట్టి సరిగ్గా కూర్చోదు. తర్వాత క్లిప్పు కింద పగిలిన రబ్బరు పైపు. ఒక బండికి నేను రెండు రోజులు వెతికాను, చివరికి చాసిస్ బ్రాకెట్‌కి రాసుకుని రాసుకుని పైపు వెనకవైపు వెంట్రుకంత చీలిక పడి ఉంది, ముందునుంచి చూస్తే పైపు కొత్తదానిలా ఉంది! అప్పటినుంచి ఏ పైపునైనా చేత్తో చుట్టూ తడిమి చూస్తాను. ట్యాంకు నిండుగా ఉంటే బాగా లేచి, సగానికి దిగాక మొరాయిస్తుంటే ట్యాంకు లోపలి పీల్చే గొట్టం తుప్పుతో చిల్లు పడిందేమో అనుమానించండి.

లోపం దొరికేదాకా ఒకేసారి 30 సెకన్లకి మించి సెల్ఫ్ కొట్టకండి, మధ్యలో రెండు నిమిషాలు చల్లారనివ్వండి, లేకపోతే సెల్ఫ్ మోటారు కూడా ఖర్చులోకి వస్తుంది. చేత్తో తడిమే పద్ధతి ఈ పీల్చే పైపుకే, అదీ ఇంజన్ ఆపి. నాజిల్ పైపుల దగ్గరికి చెయ్యి పోనివ్వకండి, ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. కామన్ రైల్ బండ్లలో (కొత్త తరహా కంప్యూటర్ డీజిల్ ఇంజన్లు) ఆ ప్రెషర్ వెయ్యి బార్ దాటుతుంది. అలా గుచ్చుకుంటే పైకి చిన్న చుక్కలాగే కనిపిస్తుంది, కానీ వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన గాయం అది.

ప్రశ్న: వారానికి లీటరు కూలెంట్ తగ్గుతోంది. కింద చుక్క లేదు, బండి వేడెక్కడం లేదు. నీళ్లు పోసుకుంటూ నడిపేయమంటున్నారు. పర్వాలేదా?

జవాబు: పర్వా ఉంది. దయచేసి అలా నడపకండి.

లీటరు తగ్గిందంటే అది ఎక్కడికో పోతోంది, వేడికి ఆరిపోతే కింద చుక్క కనిపించదు. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది, దాని చుట్టూ తెల్లగానో రంగుగానో మరక కట్టి ఉంటే పంపు సీలు పోతున్నట్టు. హోస్ క్లిప్పుల దగ్గర ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే కారి, వేడెక్కాక ఆగిపోయే లీకులు కూడా ఉంటాయి, అందుకని తెల్లవారుజామున ఒకసారి చూడండి. రేడియేటర్ మూత స్ప్రింగ్ బలం తగ్గినా కూలెంట్ ఆవిరై పోతుంది.

బయట ఏమీ లేకపోతే లోపల వెతకాలి. రాత్రంతా బండి ఆపి ఉంచి, పొద్దున స్టార్ట్ చేయకముందు సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) డ్రెయిన్ బోల్టు మెల్లగా వదులు చేయండి, పూర్తిగా తీయొద్దు. నీళ్లు ఆయిల్ కంటే బరువు కాబట్టి అడుగున చేరి ఉంటాయి, ఆయిల్ కంటే ముందు అవే వస్తాయి. వచ్చాయా, ఇక ఆ బండి స్టార్ట్ చేయకండి, బేరింగ్‌లు పోతాయి.

నీళ్లు పోసి నడిపేయొద్దని ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మీ బండిలో వెట్ లైనర్లు (పిస్టన్ ఆడే సిలిండర్ గొట్టాలు) ఉండి ఉంటే, వాటి బయటి గోడకి కూలెంట్ నేరుగా తగులుతుంది. ప్రతి మంటకీ లైనర్ అదిరి, ఆ అదురుకి కూలెంట్‌లో సన్న బుడగలు పుట్టి గోడ మీదే పగులుతాయి. ఆ దెబ్బలకి ఇనుములో సూది మొనంత గుంటలు పడి, కొన్నాళ్లకి లోపలికంటా చిల్లు పడుతుంది. కూలెంట్‌లో కలిపే మందు గోడ మీద పొరలా నిలిచి దీన్ని ఆపుతుంది. ఉత్త నీళ్లలో ఆ మందు ఉండదు, పోసే కొద్దీ ఉన్న మందు కూడా పలచబడిపోతుంది. ఇలా గుంటలు పడి, లైనర్లు మార్చాల్సిన బండ్లు ఎన్నో చూశాను. వాటిలో ఏదీ వేడెక్కిన బండి కాదు, వాళ్లూ మీలాగే నీళ్లు పోస్తూ నడిపారు.

ఇంకొకటి, ఎయిర్ బ్రేకు కంప్రెసర్ హెడ్‌ని కూడా చాలా బండ్లలో ఇదే కూలెంట్ చల్లబరుస్తుంది. దాని గ్యాస్కెట్ పోతే కూలెంట్ ఎయిర్ ట్యాంకులోకి చేరుతుంది. ట్యాంకు డ్రెయిన్ చేసినప్పుడు వచ్చే నీరు రంగుగా ఉందేమో చూసుకోండి.

ప్రశ్న: రాత్రికి రాత్రి బ్రేకుల ఎయిర్ మొత్తం దిగిపోతోంది. ట్యాంకు డ్రెయిన్ చేస్తే నీళ్లూ నల్లటి జిడ్డూ వస్తున్నాయి. బ్రేక్ బూస్టర్లు విప్పి చూడనా?

జవాబు: వెనక చక్రాల స్ప్రింగ్ బూస్టర్ (పార్కింగ్ బ్రేకు పట్టే డబ్బా) బ్యాండు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి. అందులో స్ప్రింగ్ వందల కిలోల బలంతో నొక్కి పెట్టి ఉంటుంది, బ్యాండు ఊడితే అది తుపాకీ గుండులా వస్తుంది, మనుషులు చనిపోయారు. పాడైతే మొత్తం బూస్టర్ మార్చడమే.

లీకు వెతకడానికి ముందు సమతలం మీద చక్రాలకి కట్టెలు వేసి, ఎయిర్ నిండాక ఇంజన్ ఆపి, పార్కింగ్ బ్రేకు వదిలి గేజి చూడండి. ట్రెయిలర్ లేని బండికి నిమిషానికి 2 పిఎస్ఐ (గాలి ప్రెషర్ కొలత) మించి తగ్గకూడదు, బ్రేకు తొక్కి పట్టినప్పుడు 3 మించకూడదు. తొక్కినప్పుడే ఎక్కువ తగ్గితే బూస్టర్ రబ్బరో ఫుట్ వాల్వో, తొక్కకుండానే తగ్గితే పైపులు, జాయింట్లు. సబ్బు నురుగు పూస్తే చోటు తెలిసిపోతుంది. నీళ్లు ఎక్కువ వస్తే గాలిలో తేమని పట్టే డ్రయ్యర్ కాట్రిడ్జ్ పని అయిపోయింది. జిడ్డు ఎక్కువైతే కంప్రెసర్ రింగులు అరిగి ఉండొచ్చు. ఆ జిడ్డు వాల్వుల రబ్బరుని ఉబ్బిస్తుంది కాబట్టి కంప్రెసర్ బాగుచేయకుండా వాల్వులు మార్చితే కొన్నాళ్లకే మళ్లీ మొదటికొస్తుంది.

ప్రశ్న: క్లచ్ ప్లేటు మార్చాక స్పీడు అందుకుంటే బండి మొత్తం వణుకుతోంది. ముందు లేదు.

జవాబు: ముందు లేదంటే, గేర్‌బాక్స్ దించడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకి తిప్పే పొడవాటి షాఫ్ట్) విప్పినప్పుడు గుర్తు పెట్టుకోకుండా తిప్పి బిగించి ఉంటారు. ఒకే షాఫ్ట్ రెండు చివర్లలోని యోక్‌లు (క్రాస్‌ని పట్టుకునే కొమ్ములు) సాధారణంగా ఒకే వరసలో ఉండాలి. స్లిప్ జాయింట్ మీద బాణం గుర్తులు ఉంటే తుడిచి అవి ఎదురెదురుగా ఉన్నాయో లేదో చూడండి. సరిగ్గానే ఉంటే సెంటర్ బేరింగ్ రబ్బరు, క్రాస్ లూజు చూడాలి. చూసేదాకా ఆ స్పీడులో నడపకండి, ఆ వణుకుకి గేర్‌బాక్స్ వెనక సీలు కూడా కారడం మొదలవుతుంది.