కాలు విరిగిందా, విరగ్గొట్టుకున్నాడా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. కొబ్బరి దింపు కార్మికులు, కోత కూలీలు, రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్ళు తమకు తగిలిన దెబ్బల్లోకెల్లా పెద్ద దెబ్బ గురించి చెప్పగా రాసుకుని చిన్న పుస్తకంగా కూరుస్తున్నాను. రాతప్రతి చూసిన మిత్రుడొకరు మూడు మార్పులు చెప్పారు. 'నాకు కాలు విరిగింది' అన్నదానికి కర్త లేడు కనుక 'నేను నా కాలు విరగ్గొట్టుకున్నాను' అని దిద్దమన్నారు. పోటు, సలుపు, తీపు వంటివి ఊరి మాటలు కనుక అన్నిచోట్లా 'తీవ్రమైన నొప్పి' అని రాయమన్నారు. ఇది తన జీవితంలో అత్యంత బాధాకరమైన అనుభవమని ఎవరూ స్పష్టంగా చెప్పడం లేదు కనుక ఆ వాక్యాన్ని ప్రతి కథనం మొదట్లో చేర్చమన్నారు. ఏం చేయమంటారు? 'నొప్పెడుతుంది' అనే మాటను ఎలా రాయాలో కూడా చెప్పగలరు.
– ఒక ఉపాధ్యాయురాలు, కోనసీమ

సమాధానం: మీరు విన్నది విన్నట్టు రాసుకున్న వాక్యాలే సరైనవి. మీ మిత్రులు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు గాని, ఆ మూడు మార్పుల్లో ఒక్కటి కూడా చేయవద్దని నా సలహా.

మొదట కర్త సంగతి చూద్దాం. 'నాకు కాలు విరిగింది' అన్న వాక్యంలో కర్త లేకపోలేదు. విరిగినది కాలు కనుక కాలే కర్త. విరుగు అకర్మక క్రియ, విరుచు సకర్మక క్రియ. ఒంటికైనా మనసుకైనా ఏదైనా కలిగినప్పుడు అది ఎవరికి కలిగిందో ఆ మనిషిని 'కి, కు' ప్రత్యయంతో చెప్పడం తెలుగు వాక్యానికి సహజమైన నడక. నాకు ఆకలేసింది, నాకు జ్వరం వచ్చింది, నాకు కళ్ళు తిరిగాయి అంటాం. వీటిలో దేనినీ 'నేను'తో మొదలుపెట్టం. పోతన భాగవతంలో మొసలికి చిక్కిన గజేంద్రుడు 'లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె, ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను, మూర్ఛ వచ్చె' అని వరసగా చెప్పుకుంటాడు. బలం, ధైర్యం, ప్రాణాలు, మూర్ఛ ఒక్కొక్కటే కర్తలవుతాయి గాని, ఆ మాటల్లో 'నేను' ఎక్కడా రాదు. మీ ఊరి కొబ్బరి దింపు మనిషి చెప్పిన వాక్యానికీ ఈ పద్యానికీ ఉన్న చుట్టరికాన్ని మీ మిత్రులకు చూపించండి.

'నా కాలు విరిగింది' అన్నా తప్పు లేదు. కాని అది కాలి స్థితిని చెప్పే వాక్యం. 'నాకు కాలు విరిగింది' అన్నప్పుడు ఆ మనిషికి ఏం జరిగిందో తెలుస్తుంది. దెబ్బ తగిలిన కథ చెప్పేవారు రెండవదాన్నే ఎక్కువగా వాడతారు, ఎందుకంటే వారు చెబుతున్నది కాలి కథ కాదు, తమ కథ.

ఇక 'విరగ్గొట్టుకున్నాను' అన్న మాట వేరే అర్థాన్ని తెస్తుంది. ఇక్కడ మీరు చాలా జాగ్రత్తగా ఉండాలి. కోతల్లో కొడవలి తగిలిన వేలినే ఉదాహరణగా తీసుకుందాం. 'వేలు తెగింది' అంటే జరిగిన పని మాత్రమే తెలుస్తుంది. ఎలా తెగిందో, ఎవరి వల్ల తెగిందో ఆ వాక్యం చెప్పదు. 'వేలు కోసుకున్నాను' అంటే కొడవలి నా చేతిలోనే ఉంది, కోయాలని కోయలేదు గాని పొరపాటు నాదే అన్న ఒప్పుకోలు అందులో ఉంది. 'వేలు కోసుకుపోయింది' అంటే నా ప్రమేయం లేకుండానే, ఆపుకోవడానికి వీల్లేకుండా ఆ పని జరిగిపోయింది. కొను అనే సహాయక క్రియ చేసినవాడినీ పడినవాడినీ ఒకడిగా కలుపుతుంది. పోవు అనే సహాయక క్రియ ఆ పనిని మనిషి చేతి నుంచి తప్పిస్తుంది. ఆడుకుని మోకాలు దోక్కుపోయి వచ్చిన పిల్లవాడిని తల్లి 'ఎక్కడ తగిలించుకొచ్చావురా?' అని అడగడంలో ఉన్న మందలింపంతా ఆ 'కొను'లోనే ఉంది. 'దెబ్బ తగిలిందా నాన్నా?' అని అడిగితే అందులో మందలింపు ఉండదు.

ఇప్పుడు మీ దింపు కార్మికుని సంగతికి వద్దాం. చెట్టెక్కడానికి కాళ్ళకు వేసుకునే బందం తెగి పైనుంచి పడ్డ మనిషి 'కాలు విరిగిపోయిందండీ' అని చెబితే, దానిని మీరు 'నేను నా కాలు విరగ్గొట్టుకున్నాను' అని దిద్దితే, పాతబడిన బందం చేసిన తప్పును ఆ మనిషి నెత్తిన వేసినట్టవుతుంది. ఇది వ్యాకరణంతో ఆగిపోయే విషయం కాదు. పరిహారం కోసం అర్జీ రాసినా, ఆసుపత్రిలో వివరం రాయించినా ఆ ఒక్క క్రియాపదం మీదనే తప్పు ఎవరిదన్నది నిలుస్తుంది. చెప్పినవారు ఏ క్రియ వాడితే దానినే ఉంచండి. కొందరు తమంతట తామే 'నా తొందర వల్ల విరగ్గొట్టుకున్నానండి' అని చెప్పి ఉంటారు. అప్పుడు దానినీ అలాగే ఉంచండి.

'దెబ్బ తగిలింది', 'దెబ్బలు తిన్నాడు' అన్న రెంటినీ కూడా కలపకూడదు. తగలడం ప్రమాదం వల్ల; తినడం ఇంకొకరి చేతిలో. పత్రికల్లో కనిపించే గాయపడ్డాడు, క్షతగాత్రుడు వార్తకు పనికివస్తాయి గాని, తన నోటితో తన దెబ్బను చెప్పుకునేవాడికి అతకవు.

రెండవ అభ్యంతరం నన్ను ఎక్కువ కలవరపెట్టింది. పోటు, సలుపు, తీపు అన్నవి నొప్పికి పర్యాయపదాలు కావు, ఒక్కొక్కటి ఒక్కొక్క రకం నొప్పికి పేరు. నొప్పి అన్నది వాటన్నిటినీ కలుపుకున్న సాధారణ పదం. ఆ పదంలో కూడా ఏకవచనం, బహువచనం ఒక్కటి కావు. కడుపు నొప్పి వేరు. 'నొప్పులు వస్తున్నాయి' అంటే కాన్పు దగ్గరపడిందని అర్థం. ఒళ్ళు నొప్పులంటే జ్వరానికి ముందో, మోత పని తర్వాతో ఒంటి నిండా పరుచుకునేవి.

పోటు అన్నది పొడుచు క్రియ నుంచి వచ్చింది. కత్తిపోటులో ఉన్న పోటే తలపోటులోనూ ఉంది: లోపలి నుంచి ఎవరో పొడుస్తున్నట్టు, ఆగి ఆగి వచ్చే నొప్పి. అంతర్వేది వైపు సముద్రం ఎగదన్నడాన్నీ పోటు అనే అంటారు. ఆగి ఆగి ఎగదన్నే గుణం రెంటికీ ఉంది. సలుపు పుండుకూ చీముకూ చెందిన మాట. గోరుచుట్టు లేచినప్పుడు రాత్రంతా నిద్ర పట్టనీయకుండా, నాడి కొట్టుకున్నప్పుడల్లా వేలు కొనలో తెలిసేది సలుపు. అటువంటి వేలి మీద రోకలి పడితే ఎలా ఉంటుందో ఎరిగినవారే 'గోరుచుట్టు మీద రోకటిపోటు' అన్న సామెతను పుట్టించారు. సలిపే వేలి మీద పోటు పడటమన్నది రెండు నొప్పులకు రెండు పేర్లున్న భాషలోనే సాధ్యం. చెరువు పట్టుబడిలో జెల్ల చేప ముల్లు గుచ్చుకున్నవారు 'ముందు చురుక్కుమంది, తర్వాత మంట పుట్టింది, రాత్రికి సలుపు అందుకుంది' అని మీకు చెప్పి ఉంటే, అందులో మూడు దశలున్నాయి. మూడింటి స్థానంలో మూడుసార్లు 'తీవ్రమైన నొప్పి' అని రాస్తే పాఠకుడికి ఏం తెలుస్తుంది?

తీపు తీయు క్రియకు చెందినది, లాగడమని దాని అర్థం; తీపి అనే అర్థంలో వాడే తీపుతో దీనిని కలపరాదు. ఒళ్ళు తీపులంటే కండరాలన్నీ లోపలికి లాగుతున్నట్టుండే నొప్పి. ఊడ్పుల రోజుల్లో పొద్దస్తమానం వంగి పనిచేసి వచ్చిన ఆడవాళ్ళు 'పిక్కలు పీకేస్తున్నాయండీ' అంటారు. 'నడుం పట్టేసింది' అంటే కదలనీయని నొప్పి. 'కలుక్కుమంది' అంటే బరువెత్తబోయిన క్షణంలో, ఫలానా చోటని వేలు పెట్టి చూపగలిగిన నొప్పి. మోచెయ్యి గుమ్మానికి తగిలితే 'జివ్వుమంది' అంటాం. ఆ మాట నరానికి తప్ప మరొకదానికి సరిపోదు. ఈ అనుకరణ పదాలను చదువుకున్నవారు చిన్నపిల్లల మాటలుగా చూడటం నాకు ఎప్పుడూ అన్యాయంగానే కనిపిస్తుంది. ఒక్క మాటలో నొప్పి వేగం, లోతు, చోటు మూడూ చెప్పగల పదాన్ని తీసేసి, అవేవీ చెప్పలేని విశేషణాన్ని ఎందుకు పెట్టాలి?

వైద్యులు కూడా ఈ తేడాలను పట్టించుకుంటారు. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ మెల్జాక్ 1975లో ప్రకటించిన నొప్పి ప్రశ్నావళిలో రోగి తన నొప్పిని గుర్తుపట్టడానికి 78 మాటలను 20 గుంపులుగా అమర్చారు. పొడిచేవి ఒక గుంపు, మండించేవి ఒకటి, లాగేవి ఒకటి. మీ ఊరివాళ్ళు ఎవరూ అడగకుండానే ఆ పని చేస్తున్నారు. ఇంకొక మాట కూడా చెప్పాలి. గుండెపోటు అన్న పేరులో పోటు ఉన్నా, అది వచ్చినవారిలో చాలామంది పొడిచినట్టుందని చెప్పరు. గుండెల మీద బరువు పెట్టినట్టుంది, బిగబట్టినట్టుంది, ఎడమ చెయ్యి లాగుతోంది, దవడ పీకుతోంది అంటారు. 'లాగుతోంది', 'బరువుగా ఉంది' అన్న మాటలను పక్కనున్నవారు నొప్పి కింద జమకట్టకపోతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఈ పదాల తేడాను నేను పాండిత్యపు ముచ్చటగా చూడలేను.

'ఊరి మాటలు' అన్న ఆక్షేపణకు ఎక్కువ సమాధానం అవసరం లేదు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాల మాండలిక వృత్తిపదకోశం వెలువడినప్పుడు, ఆ పదాలను రైతుల నోటినుంచే సేకరించారు. మీరు దెబ్బల విషయంలో చేస్తున్నదీ అదే పద్ధతి. ఇతర ప్రాంతాల పాఠకులకు తెలియని మాట వచ్చినచోట అదే పుటలో ఒక చిన్న వివరణ ఇవ్వండి, అంతకు మించి అక్కర్లేదు. ఉదాహరణకు 'రాత్రి నీరు కట్టడానికి వెళ్తే పురుగు ముట్టిందండి' అని ఒకరు చెప్పారనుకోండి. పురుగంటే ఇక్కడ పాము. రాత్రిపూట దాని పేరు ఎత్తకూడదన్న భయంతో పుట్టిన వాడుక అది. దానిని 'పాము కాటు వేసింది' అని మారిస్తే సమాచారం మిగులుతుంది గాని ఆ మనిషిలో ఇంకా ఉన్న భయం పోతుంది.

మూడవ అభ్యంతరం 'అత్యంత' గురించి. తెలుగు క్రియలోనూ విశేషణంలోనూ దీనికంటూ ఒక ప్రత్యయం లేదు. కన్నా, కంటే, లోకెల్లా అన్నవాటితో పోల్చి చెప్పుకుంటాం. నొప్పి దగ్గరికి వచ్చేసరికి ఆ పోలికను కూడా జనం సూటిగా చెప్పరు. 'ముగ్గురు పిల్లల్ని కన్నాను గాని అలాంటి నొప్పి ఎరగనండీ' అని ఒక తల్లి అంటే, అంతకంటే పై మెట్టు ఇంకేముంటుంది? 'పగవాడిక్కూడా వద్దండీ', 'చుక్కలు కనిపించాయి', 'ప్రాణం పోయినా బాగుణ్ణనిపించింది', 'పడ్డవాడికే తెలుస్తుంది' అన్నవి మీ రాతప్రతిలో తప్పకుండా ఉండి ఉంటాయి. అవే ఆ కథనాలకు 'అత్యంత' అన్న మాటలు. వాటికి ముందు మీరు మరొక వాక్యం చేర్చితే చెప్పినవారి మాట బలహీనపడుతుంది. ఒక్కటి మాత్రం చూసుకోండి: 'పై ప్రాణాలు పైనే పోయాయి' అన్నది భయాన్ని చెప్పే జాతీయం, 'కళ్ళు బైర్లు కమ్మాయి' అన్నది స్పృహ తప్పబోవడాన్ని చెప్పేది. కథనాలను విషయాన్ని బట్టి విడదీసేటప్పుడు వీటిని నొప్పి కింద చేర్చకండి.

వాక్యం చివర వచ్చే 'అండి'ని కూడా తీసేయకండి. తమ కంటే చదువుకున్నారన్న గౌరవంతో మీతో మాట్లాడుతున్నప్పుడు వచ్చిన అండి అది. నొప్పి చెబుతూ చెబుతూ ఒకచోట అది జారిపోతుంది, అక్కడ ఆ మనిషి మిమ్మల్ని మరచి ఆ రోజులోకి వెళ్ళిపోయాడన్నమాట. ఏ వాక్యంలో ఉందో, ఏ వాక్యంలో లేదో యథాతథంగా ఉండనివ్వండి.

చివరి సందేహం చిన్నది. నొప్పి, పెట్టు అన్న రెండు మాటలు కలిసి వాడుకలో 'నొప్పెట్టు' అయింది; నొప్పెడుతోంది, నొప్పెట్టింది దాని రూపాలే. చెప్పినవారి మాటలను ఉటంకించేచోట ఇలాగే కలిపి రాయండి. మీరు మీ మాటగా రాసే ముందుమాటలోనూ వివరణల్లోనూ 'నొప్పి పెడుతోంది' అని విడదీసి రాయండి. 'నొప్పిస్తోంది' అని మాత్రం రాయకండి. నొప్పించడం నేటి వాడుకలో మాటతో మనసును గాయపరచడానికే ఉంది, కాలికీ చేతికీ అది వర్తించదు.