మంచం అమ్మాలా వద్దా, ముందు గది కొలవండి

చెల్లెమ్మా, పాలమూరులో పది బై పది బెడ్‌రూం, ఐదేళ్ల బాబు మీ ఇద్దరి మధ్య అడ్డంగా పడుకుంటాడు, నిద్ర పట్టక మీ ఆయన హాల్లో చాపేసుకుంటున్నాడు, ఇప్పుడేమో మీ నాన్న పెళ్లికి పెట్టిన టేకు మంచం అమ్మేసి కింగ్ సైజు కొందామంటున్నాడు, దాంతో మీరు మాటలు మానేశారు. ఇదే కదా మీరు రాసింది.

ఆయన నిద్ర గురించి మాట్లాడుతుంటే మీకది మీ నాన్నను తీసిపారేసినట్టు వినపడింది. బాధ సహజమే, అప్పు చేసి మరీ చేయించిన మంచమంటిరి. కానీ ఆ సంగతి ఆయనతో అన్నారా? అలిగి కూర్చుంటే ఆయనకెట్ల తెలుస్తది!

ఇక గది. మీది 60 బై 75 అంగుళాల పరుపు, అంటే క్వీన్ సైజు. కింగ్ అంటే వెడల్పే 72, మంచం చెక్కలతో 78 అనుకోండి. గది 120 అంగుళాలు, అందులో ఇనుప బీరువా లోతు ఓ 19 పోతే మిగిలేది 23. బీరువా రెక్క ఒక్కోటి అడుగున్నర ఉంటుంది, అది తెరిస్తే మీరు నిలబడేదెక్కడ, మంచమెక్కి కూర్చుని చీర తీసుకోవాలి! నమ్మకపోతే ఇద్దరూ కలిసి పేపర్లు పరిచి చూడండి, షోరూంలో పెద్ద హాల్లో వేసిన పరుపు ఎప్పుడూ చిన్నగానే కనపడుతుంది.

ఆయనది ఐదు అడుగుల పది అంగుళాలన్నారు, అంటే 70. పొడుగుకి నాలుగైదు అంగుళాలు ఎక్కువుంటే చాలు, మీ 75 సరిపోతుంది. తక్కువైంది పిల్లవాడికి చోటు. మంచం కాళ్ల వైపు చెక్కలు పోను దాదాపు 39 అంగుళాల జాగా ఉంటుంది, తలుపు అటు తెరుచుకోకపోతే 36 అంగుళాల సింగిల్ పరుపు పడుతుంది, పల్చటిదైతే పొద్దున్నే మంచం కిందికి తోసేయొచ్చు. బాబు నాలుగు రోజులు ఏడుస్తాడు, మీ అత్తమ్మ పిల్లగాడిని కింద పండబెట్టిండ్రని దెప్పుతుంది, దెప్పనివ్వండి.

ఇంత చేశాక కూడా ఆయన ఫోన్ పట్టుకుని హాల్లోకే పోతే మాత్రం అది పరుపు సమస్య కాదు, టేపు పక్కన పెట్టి సూటిగా అడగండి.