గట్టి నేలకు మెత్తని బాండ్

ప్రశ్న: ఎపాక్సీ పూతకు ముందు కాంక్రీట్ ఫ్లోర్‌ను గ్రైండింగ్ చేస్తున్నాం. కొత్త డైమండ్ సెగ్మెంట్లు (మెషిన్ కింద బిగించే కోత ముక్కలు) కాసేపటికే కోయడం మానేశాయి. ముట్టుకుంటే అద్దంలా నున్నగా ఉన్నాయి. సరుకు నాసిదా?

జవాబు: సరుకు కాదు, బాండ్ ఎంపికే తేడా కొట్టి ఉంటుంది. డైమండ్ రేణువులను పట్టి ఉంచే లోహమే బాండ్. అది అరిగితేనే కొత్త రేణువులు పైకి తేలతాయి. గట్టి కాంక్రీట్ నుంచి రాలే సన్నపొడి ఆ లోహాన్ని అరగదీయలేదు. అందుకే గట్టి నేలకు మెత్తని బాండ్, ఇసుక రాలే మెత్తని నేలకు గట్టి బాండ్. చాలామంది దీన్ని తిరగేసి కొంటారు! ప్రస్తుతానికి వేగం తగ్గించి, నేల మీద గుప్పెడు ముతక ఇసుక చల్లి తిప్పండి. సెగ్మెంట్లు మళ్లీ గరుకుదేలతాయి. ఎపాక్సీకి 30 గ్రిట్ (ముతక రేణువుల సెగ్మెంట్లు) దగ్గర ఆపొచ్చు, మరీ నున్నగా చేస్తే పూత పట్టదు. పాత జిగురు ఉంటే మాత్రం ముందు పీసీడీతో (పాలీక్రిస్టలైన్ డైమండ్ అంచున్న చెక్కుడు ముక్కలు) చెక్కేయాలి. మామూలు సెగ్మెంట్లయితే రాపిడి వేడికి జిగురు కరిగి వాటికే అంటుకుంటుంది.