ఊపిరితిత్తి ఆపరేషన్‌కి ముందు మనిషిని పడుకోబెట్టాలా, నడిపించాలా?

"మా నాన్నకి 62 ఏళ్లు. కుడి ఊపిరితిత్తిలో క్యాన్సర్ గడ్డ ఉంది, నెల లోపల ఆపరేషన్ అన్నారు. ఈలోగా రోజూ నడిపించమని, ఎక్సర్‌సైజులు చేయించమని సర్జన్ గారు చెప్పారు. ఇంట్లో పెద్దవాళ్లేమో ఉన్న ఓపిక కాస్తా పోతుంది, మంచం దిగనివ్వొద్దు అంటున్నారు. ఎవరి మాట వినాలి?" అని రాజాం నుంచి ఒకబ్బాయి అడిగారు.

సర్జన్ గారి మాట వినండి బాబూ. ఈ సాయంత్రమే మొదలుపెట్టండి.

నాది విజయనగరం. ఆర్టీసీలో 29 ఏళ్లు బస్సు నడిపాను. రిటైరైన మూడో ఏడు నాకూ మీ నాన్నగారి జబ్బే వచ్చింది, కుడి ఊపిరితిత్తిలో పై భాగం తీసేశారు. దగ్గు మొదలైనప్పుడు ఊళ్లో ఒక చోట టీబీ అనుకుని రెండు నెలలు మందులు మింగించారు. ఆ కోపం ఇప్పటికీ పోలేదు గానీ మీ ప్రశ్నకి దానితో పని లేదు.

మీ ఇంట్లో అంటున్న మాటే మా ఇంట్లోనూ అన్నారు. మా అప్ప అయితే గుమ్మంలో కూర్చుని, "కోతకెళ్లే మనిషిని ఎవడైనా పరిగెట్టిస్తాడేటి?" అని ఫిజియోథెరపిస్టుని కూడా తిట్టింది. ఆవిడ తప్పు కాదు. జబ్బు అంటే మంచం అనే మనకి అలవాటు. కానీ ఆ వయసులో వారం రోజులు మంచాన పడుకుంటే తొడల్లో కండ ఎంత కరిగిపోతుందో లేచి నిలబడ్డప్పుడు గానీ తెలియదు.

నాకు తెలిసింది ఎలాగో చెబుతాను. విశాఖలో పరీక్షలు చేసిన రోజు ఫిజియోథెరపిస్టు అమ్మాయి వరండాలో 30 మీటర్ల దూరంలో రెండు గుర్తులు పెట్టింది. ఆరు నిమిషాల్లో వాటి మధ్య ఎన్నిసార్లు తిరగగలిగితే అన్నిసార్లు తిరగమంది. వేలికి ఆక్సిమీటరు తగిలించింది. నడక అవగానే నా పేరు పక్కన 340 మీటర్లు అని రాసి ఒక ప్రశ్న అడిగింది: "మిమ్మల్ని ముందు ఏది ఆపింది అంకుల్, ఆయాసమా, కాళ్లా?" నేను ఆయాసమే అనబోయి ఆగాను. కాళ్లే. పిక్కలు పట్టేశాయి, తొడలు వణికాయి. ఆయాసం ఆ తర్వాత వచ్చింది.

డ్రైవరు కాళ్లంటే లోకం బలమైనవి అనుకుంటుంది. క్లచ్, బ్రేకు తొక్కడం తప్ప అవి చేసే పని ఏమీ లేదు. బలం లేని కండ అదే పనికి ఎక్కువ ఆక్సిజన్ అడుగుతుంది, త్వరగా అలిసిపోతుంది, ఊపిరితిత్తుల మీద, గుండె మీద భారం వేస్తుంది. మూడు నాలుగు వారాల్లో ఊపిరితిత్తి కొత్తగా పెరగదు. కాళ్లు మాత్రం బాగుపడతాయి. ఆపరేషన్‌కి ముందు వ్యాయామం అంటే ఊపిరితిత్తిని ఉబ్బించడమని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. ఉన్న ఊపిరితో శరీరం పొదుపుగా బతకడం నేర్చుకోవడమే అందులో అసలు సంగతి.

లెక్క కూడా చెప్పారు. మనిషి ఊపిరితిత్తులకి రెండు వైపులా కలిపి ఐదు భాగాలు: కుడిపక్క మూడు, ఎడమపక్క రెండు. వాటిని ఇంకా చిన్న ముక్కలుగా చూస్తే మొత్తం 19. కుడి పై భాగంలో ఉండేవి మూడు. అంటే నాకు పోయేది 19లో 3, ఆరో వంతు కన్నా తక్కువే. అది విన్నాక సగం టెన్షన్ తగ్గింది. ఆగకుండా 22 మీటర్ల ఎత్తు మెట్లెక్కగలిగితే, అంటే దాదాపు ఏడంతస్తులు, ఆపరేషన్ తట్టుకుంటాడని డాక్టర్లు ధైర్యంగా ఉంటారట. నేను రెండో అంతస్తులోనే రెయిలింగ్ పట్టుకున్నాను.

మా మేనల్లుడిది నెల్లిమర్ల పక్క కొండవెలగాడ. ఆ ఊళ్లో వెయిట్‌లిఫ్టింగ్ చేసే పిల్లలు ఎంతమందో మీకు తెలిసే ఉంటుంది. వాడు వచ్చి, "ఊపిరి సంగతి డాక్టర్లు చూసుకుంటారు మావయ్యా, నీ తొడలు నేను చూసుకుంటాను" అన్నాడు. గోడకి ఆనించి ఒక కుర్చీ వేశాడు. చేతులు గుండెల మీద పెట్టుకుని లేవడం, కూర్చోవడం. మొదటి రోజు ఆరుసార్లకే చేతులెత్తేశాను. నాలుగో వారానికి పదేసి చొప్పున మూడు విడతలు లేచాను. తర్వాత గుమ్మం మెట్టు ఎక్కడం దిగడం, గోడని నెట్టడం, లీటరు నీళ్ల సీసాలు రెండు చేతులతో పైకెత్తడం. ఇంతే, జిమ్ముకి వెళ్లక్కర్లేదు.

ఇక్కడ నేను చేసిన ఒక తప్పు. మన జిల్లాల్లో కోడి రామ్మూర్తి గారి కథ వినని పిల్లాడుంటాడా? వీరఘట్టంలో పుట్టి, ఊపిరి బిగబట్టి ఛాతీకి కట్టిన గొలుసులు తెంపాడని, ఏనుగుని గుండెల మీద నిలబెట్టుకున్నాడని మా తాత చెబుతుంటే విన్నవాడిని. బలమంటే ఊపిరి బిగబట్టడమే అని బుర్రలో ఉండిపోయింది. కుర్చీలోంచి లేచేటప్పుడు అలాగే బిగబట్టాను, కళ్లు తిరిగాయి. ఫిజియోథెరపిస్టు ఫోన్లో కోప్పడింది. లేచేటప్పుడు ఊపిరి వదలాలి, కూర్చునేటప్పుడు తీసుకోవాలి. బిగబడితే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. రామ్మూర్తి గారి పద్ధతులు మనకొద్దు.

నడక అయ్యకోనేరు చెరువు గట్టు మీద. ఎంత వేగం అంటే ఆ అమ్మాయి చెప్పిన కొలత నాకు బాగా నచ్చింది: "పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పద్యం అందుకోలేకపోవాలి." రెండు నిమిషాలు జోరుగా, ఒక నిమిషం మెల్లగా, మళ్లీ జోరుగా. మొదట 12 నిమిషాలు, తర్వాత 20, చివరికి 30. ఆయాసం రావాలి, అందులో భయం లేదు. ఆగి నిలబడితే రెండు మూడు నిమిషాల్లో సర్దుకోవాలి. తాపీగా చెరువు చుట్టూ తిరుగుతూ కబుర్లు చెప్పుకుంటే అది షికారు అవుతుంది, దానితో కాళ్లకి బలం రాదు. మూడో రోజు నాకు ఉత్సాహం ఎక్కువై మే నెల ఎండలో పదకొండింటికి బయల్దేరి, మోకాలు వాచి రెండు రోజులు ఇంట్లో కూర్చున్నాను. పొద్దున్న ఏడు లోపు కానిచ్చేయండి.

ఇక ఊపిరి వ్యాయామానికి ఇచ్చే మూడు బంతుల పరికరం, స్పైరోమీటరు అంటారు. అది మీకూ ఇచ్చే ఉంటారు. నేను మూడు రోజులు దాన్ని ఊదాను! బంతులు ఎందుకు లేవట్లేదా అని దాన్నే తిట్టుకున్నాను. ఊదకూడదు, లోపలికి పీల్చాలి, నెమ్మదిగా, బంతి పైనే కాసేపు నిలిచేలా. పది సార్లు పీల్చి కాస్త ఆగాలి. దాన్ని తప్పకుండా చేయించండి, కానీ మంచం మీద కూర్చుని బంతులు ఎత్తించేసి వ్యాయామం అయిపోయిందనుకోకండి. చాలా ఇళ్లలో జరిగేది అదే.

దానికంటే నాకు ఎక్కువ అక్కరకొచ్చింది దగ్గు నేర్చుకోవడం. దగ్గడం కూడా నేర్చుకోవాలా అని నవ్వకండి. ఆపరేషన్ జరుగుతున్నప్పుడు ఆ పక్క ఊపిరితిత్తిని గాలి లేకుండా ముడిచి ఉంచి, రెండో దానితోనే ఊపిరి ఆడిస్తారు. తర్వాత కోత నొప్పికి భయపడి మనం పైపైనే ఊపిరి తీస్తాం. కఫం లోపలే నిలిచిపోతుంది, అక్కణ్నుంచే న్యుమోనియా వస్తుంది. అందుకని ఒక దిండుని కోత పడే పక్కకి గట్టిగా అదుముకుని, నోరు తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టించినట్టు "హా" అని బలంగా రెండుసార్లు వదిలి, అప్పుడు దగ్గాలి. నొప్పి లేనప్పుడు ఇరవై రోజులు చేస్తే నొప్పి ఉన్నప్పుడు ఒళ్లే గుర్తుపెట్టుకుంటుంది. కోత పడ్డాక నేర్పితే ఎవరికీ ఎక్కదు.

నాకు కోత పెద్దదే పడింది, పక్కటెముకల మధ్య. మర్నాడు పొద్దున్నే కుర్చీలో కూర్చోబెట్టారు. సాయంత్రం ఛాతీ గొట్టానికి తగిలించిన సీసా ఒక చేత్తో పట్టుకుని వరండాలో నడిచాను. పక్క మంచం ఆయన నాకంటే నాలుగేళ్లు చిన్న. ఆయన్ని ఇంట్లో నెల రోజులు అపురూపంగా పడుకోబెట్టారట. లేవడానికి ఇద్దరు పట్టుకోవాల్సొచ్చింది. ఒక్కళ్లని చూసి అందరికీ ఇంతే అనకూడదనుకోండి. మా అమ్మాయి ఇంటర్నెట్‌లో చదివి చెప్పింది: ఇలాంటి 10 అధ్యయనాలు, 636 మంది వివరాలు కలిపి చూసిన సమీక్ష ఒకటి, కొక్రేన్ అనే వైద్య పరిశోధనల సంస్థది, 2022లో వచ్చిందట. ముందుగా వ్యాయామం చేసినవాళ్లలో ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తుల ఇబ్బందులు సగానికి పైగా తగ్గాయి, ఆసుపత్రిలో ఉండాల్సిన రోజులు సుమారు రెండు తగ్గాయి. 636 మంది పెద్ద సంఖ్యేమీ కాదు, కానీ నడకకి ఖర్చు కూడా లేదు కదా.

మీ నాన్నగారు పొగ తాగేవారైతే ఈరోజే ఆపించాలి. నెల ముందు మానితే మంచిది, ఎప్పుడు మానినా మంచిదే. మానిన కొత్తలో కొందరికి దగ్గు, కఫం ఎక్కువవుతాయి, దానికి కంగారుపడి మళ్లీ వెలిగించనివ్వకండి. నా చేత మాన్పించింది మా అప్పే. ఆవిడ నోట్లో నిప్పు వైపు లోపలికి పెట్టుకున్న అడ్డపొగ చుట్టతోనే నాకు గంటసేపు హితబోధ చేసింది. ఇప్పుడు ఆవిడ నోరు పరీక్ష చేయించడానికి మేం బతిమాలుతున్నాం. అడ్డపొగకి అంగిట్లో క్యాన్సర్ వస్తుందని చెప్పినా వినదు.

తిండి సంగతి. చోడి (రాగి) అంబలి మంచిదే, కానీ దానితోనే కడుపు నింపేస్తే కండకి కావలసిన ప్రొటీన్ చాలదు. 60 కిలోల మనిషికి రోజుకి 70 నుంచి 90 గ్రాములు కావాలన్నారు. గుడ్డుకి ఆరు గ్రాములే వస్తుంది, లెక్క వేసుకోండి. నాకు రెండు గుడ్లు, చేపలు, ఉలవలు, పెరుగు, పప్పు అన్నీ కలిపితే గానీ అందలేదు. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం డాక్టర్ని అడగకుండా పెంచొద్దు, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మన శ్రీకాకుళం వైపు వాళ్లకి ఈ మాట మరీ ముఖ్యం.

నడిచేటప్పుడు ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, కఫంలో రక్తం కనిపిస్తే అక్కడే ఆపి డాక్టరుకి ఫోన్ చేయండి. ఆక్సిమీటరులో ఆక్సిజన్ ఎంతకి పడితే ఆగాలో ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి, నాకు 88 శాతం అని రాశారు. షుగర్ ఉంటే జేబులో చక్కెర పొట్లం ఉండాలి. గుండె జబ్బు ఉంటే ఇంట్లో సొంతంగా మొదలుపెట్టకండి.

ఇంకొకటి, వ్యాయామం ఇంకా పూర్తి కాలేదని ఆపరేషన్ తేదీని మీరే వెనక్కి జరపకండి. స్కానులకి, బయాప్సీ రిపోర్టులకి, ఆరోగ్య పథకం కార్డు అనుమతికి తిరిగే రోజులు ఎలాగూ ఉంటాయి, ఆ రోజుల్లోనే చేయించండి. రెండు వారాలే దొరికితే రెండు వారాలే. బలం చాలదు, ఆగుదాం అనాల్సింది సర్జన్ గారే.

ఆపరేషన్‌కి రెండు రోజుల ముందు నేను మళ్లీ ఆ వరండాలో ఆరు నిమిషాలు నడిచాను. 405 మీటర్లు. మీ నాన్నగారి చేత కూడా రేపు ఒకసారి కొలిపించి ఎక్కడైనా రాసి పెట్టుకోండి, ఓపిక లేదని ఆయన విసుక్కున్న రోజు చూపించడానికి పనికొస్తుంది. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు దగ్గడానికి అలవాటు చేసిన దిండునే తీసుకెళ్లండి. నాకు అక్కడ ఇచ్చింది మరీ పలచన, మా ఆవిడ మర్నాడు బస్సులో ఇంటికెళ్లి మా దిండు తెచ్చింది.