ఇంట్లో అందరి గొడవా నా దగ్గరికే... నా గొడవ ఎవరితో చెప్పుకోను?

ప్రశ్న: నా వయసు 48. డాక్టర్ని. ఈ మధ్య ఇంట్లో అందరం కలిసి ఒక సినిమా చూశాం. అందులో ఒక డాక్టరు ఉంటాడు. భార్య, కూతుళ్లు, మరదలు, క్లినిక్‌ సిబ్బంది, పేషెంట్లు... ఎవరికి ఏ గొడవ వచ్చినా అతని దగ్గరికే వస్తుంది. మా వాళ్లంతా పడీ పడీ నవ్వారు. నేను బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. మా అమ్మకూ నా భార్యకూ మాటల్లేవు, ఏ మాటైనా నా ద్వారానే. తమ్ముడి అప్పు మూడుసార్లు తీర్చాను, మళ్లీ అడుగుతున్నాడు. పెద్దమ్మాయికి పెళ్లి కుదిరింది, ఇప్పుడు చేసుకోనంటోంది. అమ్మకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది. నా భార్య నాలుగు నెలలుగా ఏదోలా ఉంటోంది. నిద్ర పట్టడం లేదంటే నేనే మాత్రలు రాసిచ్చాను. రోజూ క్లినిక్‌ నుంచి వచ్చి, ఇంటి ముందు కారులోనే 20 నిమిషాలు కూర్చుండిపోతున్నాను. మొన్న ఒక పేషెంట్‌ మీద అరిచాను. ఇది బర్నవుటేనా? కొన్నాళ్లు సెలవు పెడితే సరిపోతుందా?

జవాబు: డాక్టర్ గారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇంటిల్లిపాది కష్టాలూ వరసగా రాశారు. మీ గురించి రాసింది మాత్రం కారులో కూర్చునే ఆ 20 నిమిషాలు, బాత్రూంలో ఏడ్చిన ఆ కాసేపు, అంతే. అవి రెండూ ఎవరూ చూడని చోట్లు. మీ బాధ ఇన్నాళ్లూ అక్కడే ఉండిపోయింది. రాసి మంచి పని చేశారు.

ముందు బర్నవుట్‌ సంగతి. 1974లో ఫ్రాయిడెన్‌బర్గర్‌ అనే సైకాలజిస్టు ఈ మాటను వాడుకలోకి తెచ్చింది పని వల్ల అలిసిపోయిన వాళ్ల గురించే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2022 నుంచి అమల్లోకి వచ్చిన తన వ్యాధుల వర్గీకరణలో దీన్ని జబ్బుగా కాకుండా, ఉద్యోగానికి సంబంధించిన స్థితిగానే పెట్టింది. జీవితంలోని వేరే కష్టాలకు ఈ మాట వాడొద్దని కూడా చెప్పింది. పేరు గురించి ఇంతగా ఎందుకు పట్టుబడుతున్నానంటే, పేరు తప్పయితే మందు కూడా తప్పుతుంది. మీరు క్లినిక్‌కి వెళ్లడానికి భయపడటం లేదు, క్లినిక్‌ నుంచి ఇంటికి రావడానికి భయపడుతున్నారు. సెలవు పెడితే రోజంతా ఇంట్లోనే ఉంటారు. ఇప్పుడు సాయంత్రం మొదలయ్యే టెన్షన్‌ అప్పుడు పొద్దున్నే మొదలవుతుంది.

ఇక అన్నిటికంటే ముందు మీ భార్య విషయం. తమ్ముడి అప్పు గురించి ఎన్నిసార్లో లెక్కపెట్టి రాశారు. ఆవిడ గురించి మాత్రం 'ఏదోలా ఉంటోంది' అని వదిలేశారు. నాలుగు నెలలు తక్కువ కాలం కాదు. ఒక పేషెంట్‌ వచ్చి మా ఆవిడ నాలుగు నెలలుగా నిద్రపోవడం లేదు, ఎవరితోనూ కలవడం లేదు అని చెబితే, మీరు మాత్రలు రాసి పంపేస్తారా? పంపరు. కూర్చోబెట్టి అడుగుతారు, పరీక్షలు చేయిస్తారు. సొంత మనిషి దగ్గరికి వచ్చేసరికి అవేవీ జరగలేదు. ఇది మీ ఒక్కరి తప్పు కాదు, సొంత ఇంట్లో వైద్యం చేయబోతే ఎవరికైనా జరిగేదే. భర్తతో చెప్పుకోలేని మాటలు ఆవిడ దాచుకుంటుంది. భార్యను అడగలేని ప్రశ్నలు మీరు మింగేస్తారు. అందుకే సాధారణంగా డాక్టర్లు తమకూ, తమ దగ్గరివాళ్లకూ వైద్యం చేయకూడదని వైద్యుల నీతి నియమాల్లో ఉంటుంది.

ఆవిడ స్థితికి కారణం థైరాయిడ్‌ కావచ్చు, రక్తహీనత కావచ్చు, వయసుతో వచ్చే మార్పులు కావచ్చు, డిప్రెషన్‌ కావచ్చు. నేనూ ఊహించను, మీరూ ఊహించకండి. ఈ వారంలోనే మీకు స్నేహం లేని వేరే డాక్టరు దగ్గరికి ఆవిడను వెళ్లనివ్వండి. మీరు లోపలికి వెళ్లొద్దు, బయటే కూర్చోండి. ఏ మాత్ర ఎంత మోతాదులో ఎన్నాళ్లుగా ఇస్తున్నారో కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ డాక్టరు చెప్పేదాకా మాత్రలు ఉన్నపళంగా ఆపొద్దు, ఇంట్లో ఉన్నవన్నీ ఆవిడకు అందేలా ఉంచొద్దు. ఒక మాట మాత్రం ఈ రాత్రే అడగండి: 'బతకాలని లేదని ఎప్పుడైనా అనిపిస్తోందా?' అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. ఉంటే చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. అవునంటే వారం ఆగొద్దు, ఆవిడను ఒంటరిగా వదలకుండా ఆ రోజే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి.

అడిగేటప్పుడు పేషెంట్లతో మాట్లాడే మీ డాక్టర్‌ గొంతు వద్దు. 'నువ్వు బాగోలేవని నాలుగు నెలలుగా నాకు తెలుసు. మాత్రలిచ్చి తప్పించుకున్నాను. నన్ను క్షమించు' అని చెప్పగలిగితే చాలు. ఆవిడ వెంటనే ఏమీ అనకపోవచ్చు. పక్కనే కూర్చోండి.

అమ్మకూ ఆవిడకూ మధ్య మీరు మోస్తున్న మాటల గురించి. మర్రే బోవెన్‌ అని ఒక అమెరికన్‌ సైకియాట్రిస్టు ఉండేవారు. ఇద్దరి మధ్య పొసగనప్పుడు వాళ్లు మూడో మనిషిని మధ్యలోకి లాగుతారని, దాంతో ఆ ఇద్దరికీ కాస్త తేలికవుతుందని, బరువంతా మూడో మనిషి మీద పడుతుందని ఆయన చెప్పారు. మీ ఇంట్లో ఆ మూడో మనిషి ఎవరో నేను చెప్పక్కర్లేదు. ఇలాంటివి డాక్టర్లకు కూడా జరుగుతాయా అని సిగ్గుపడుతున్నారేమో. ఆ బోవెన్‌ గారే 1967లో ఒక సదస్సులో మామూలు పరిశోధన పత్రం చదవకుండా, సొంతవాళ్ల మధ్య తాను ఎలా ఇరుక్కుపోయాడో, పక్షం వహించకుండా ఎలా బయటపడబోయాడో చెప్పుకొచ్చారు. 1972లో అది అచ్చయినప్పుడు రచయిత పేరు లేకుండానే వచ్చింది. కుటుంబాల గురించి ప్రపంచానికి పాఠాలు చెప్పిన మనిషికే సొంత ఇంటి సంగతి పేరుతో అచ్చు వేసుకోవడం అంత కష్టమైంది. మీరు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

అమ్మ ఏదైనా చెప్పబోతే, 'అమ్మా, నీ బాధ వింటాను. కానీ ఆ మాట తన దగ్గరికి మోసుకెళ్లను' అనండి. అటు నుంచి వచ్చినా అంతే. మొదట్లో గొడవ పెరుగుతుంది. 'పెళ్లాం మాటే వింటావు' అని అమ్మ అంటుంది. ఇన్నేళ్లుగా ఉన్న దారి మూసేస్తున్నారు మరి, కోపం రాదా? వాదించకండి, అమ్మ దగ్గరి నుంచి లేచి వెళ్లిపోవద్దు కూడా. అలాగని అత్తాకోడళ్లను ఇప్పుడే ఎదురెదురుగా కూర్చోబెట్టి తేల్చుకోమనొద్దు. మీ భార్య కాస్త తేరుకోవాలి. అప్పటిదాకా అమ్మ ఫిర్యాదు మీ దగ్గర ఆగిపోతే చాలు.

అమ్మాయి విషయంలో నాకు మీ మీద కొంచెం కోపం వచ్చింది. పిల్ల నమ్మి చెప్పింది, అది మంచిదే. కానీ తల్లికి తెలియకుండా దాచిపెట్టి, అవతల పెళ్లి పనులు సాగనిస్తుంటే రోజురోజుకీ చిక్కు ముడి బిగుస్తుంది. పైగా ఇంట్లో ఏదో దాస్తున్నారని తల్లికి తెలియకుండా ఉంటుందా? తనతో ఎవరూ ఏదీ చెప్పడం లేదన్న బాధ కూడా ఆవిడ మౌనంలో ఉందేమో. అమ్మాయిని పిలిచి, 'పెళ్లి వద్దనే హక్కు నీకుంది తల్లీ. కానీ అమ్మకు నువ్వే చెప్పాలి, నేను పక్కన కూర్చుంటాను' అని చెప్పండి. ఆ డాక్టరు మీ భార్యను చూశాక, ఎప్పుడు చెబితే మంచిదో వాళ్లనే అడగండి. ఈలోగా పెళ్లి పనులు మాత్రం ఆపించండి. అబ్బాయి తరఫు వాళ్లకూ ఆశ పెట్టి ఉంచడం న్యాయం కాదు.

తమ్ముడికి ఈసారి డబ్బు ఇవ్వొద్దు. అప్పుల లెక్క ముందేసుకుని కూర్చుంటానంటే ఒక ఆదివారం అతనితో కూర్చోండి. నాలుగోసారి కూడా మీరే తీరిస్తే ఐదోసారి కూడా వస్తాడు.

ఆ పేషెంట్‌కు ఫోన్‌ చేసి క్షమాపణ చెప్పండి, ఆలస్యం చేయొద్దు. ఇక మీరు కూడా ఒక డాక్టరుకు చూపించుకోవాలి, సొంత బీపీ సొంతంగా చూసుకోవడం కాదు. వైద్యులు చేసే జెనీవా ప్రతిజ్ఞలో 2017లో ఒక మాట చేర్చారు: మంచి వైద్యం అందించడం కోసం నా సొంత ఆరోగ్యాన్నీ క్షేమాన్నీ కూడా చూసుకుంటానని. రెండు వారాలకు పైగా దిగులు, నిద్రలేమి, దేని మీదా ఆసక్తి లేకపోవడం ఉంటే ఏం చేయాలో మీరు రోజూ ఇతరులకు చెప్పేవారే. అదే మీరూ చేయండి.

కారులో కూర్చునే ఆ 20 నిమిషాలు మానేయమని అనను, అవి మీకు కావాలి. వారంలో రెండు రోజులు మాత్రం అక్కడ ఒంటరిగా కాకుండా, మీ గురించి మాట్లాడగల స్నేహితుడికో కౌన్సెలర్‌కో ఫోన్‌ చేసి మాట్లాడండి. ఆ రెండు రోజులూ పేషెంట్ల సంగతి, ఇంటివాళ్ల సంగతి ఎత్తొద్దు. 'నాకు ఈరోజు ఇలా ఉంది' అని మొదలుపెట్టండి. మీ భార్య డాక్టరును కలిసి వచ్చాక ఎలా ఉన్నారో నాకు మళ్లీ రాయండి, ఎదురుచూస్తుంటాను.