వెనక ఇరుసు చప్పుడు: హౌసింగ్ విప్పేముందు ఒక్కమాట

చిరంజీవికి పెద్దనాన్న ఆశీస్సులు.

బండి వెనక నుంచి ‘టక్’మని చప్పుడు వస్తోందని, హౌసింగ్ (వెనక ఇరుసు మధ్యలో గేర్లుండే డబ్బా) విప్పాల్సిందేనని మెకానిక్ అన్నాడని రాశావు. ఇప్పుడే విప్పనివ్వకు. ఇరుసులోదే అనుకున్న చప్పుడు చాలాసార్లు ఇరుసు పక్కనున్న దేనిదో అవుతుంది. అది ఎప్పుడు వస్తోందో తేలేదాకా స్పానర్ ముట్టుకోవద్దు.

ముందుగా చక్రాల నట్ల బిగువు చూడు. అవి వదులైనా ఇదే చప్పుడు వస్తుంది, పైగా చక్రమే ఊడిపోయే ప్రమాదం. తర్వాత డిక్కీలోంచి జాకీ, పనిముట్లు, స్టెప్నీ అన్నీ దించెయ్. సైలెన్సర్ చల్లగా ఉన్నప్పుడు దాన్ని చేత్తో ఊపి, వేలాడదీసిన రబ్బర్లు తెగాయేమో చూడు. ఇవన్నీ అయ్యాక కూడా చప్పుడుంటే అప్పుడు ఖాళీ రోడ్డు మీదికి తీసుకెళ్లు. ఇంకొకరిని వెనక సీట్లో కూర్చోబెట్టు. డ్రైవింగ్ సీట్లో ఉన్నవాడికి చప్పుడు ఏ మూల నుంచి వస్తోందో సరిగ్గా తెలియదు.

నువ్వు రాసినదాన్నిబట్టి గేరు వేసి క్లచ్ వదలగానే ఒక్కసారి, యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కినప్పుడు ఇంకోసారి వస్తోంది. వెనక చక్రాలతో నడిచే బండిలో అలా వస్తే నా అనుమానం మొదట జాయింట్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి ఇరుసుకు తిరుగుడు అందించే పొడవాటి గొట్టం) క్రాస్‌ల మీదికే, అంటే దాని చివర్లలో వంగే కీళ్ల మీదికే పోతుంది. పని నేర్చుకున్న కొత్తలో ఇలాంటి చప్పుడుకే నేను హౌసింగ్ దించి, లోపలి క్రౌన్, పినియన్ గేర్ల పళ్ల మధ్య సందు సరిచేసి, మళ్లీ బిగించాను. చప్పుడు అలాగే ఉంది. తీరా చూస్తే షాఫ్ట్ వెనక చివరి క్రాస్‌లో సూది బేరింగులు గ్రీజు లేక అరిగిపోయాయి. బండి యజమాని రెండు రోజులు పని మానుకుని నా దగ్గర కూర్చున్నాడు. ఆయన ముఖం నాకింకా గుర్తుంది. అందుకే నీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

క్రాస్‌ను ఇలా చూడు. బండిని చదునైన నేల మీద నిలిపి, ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మలు పెట్టు. వెనక భాగం లేపి, ఇరుసు కింద రెండు పక్కలా గట్టి స్టాండ్లు పెట్టు. ఒక్క జాకీని నమ్ముకుని బండి కిందికి దూరొద్దు. ఒక్క నిమిషం పనే అయినా వద్దు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఇంజన్ ఆపి, క్రాస్‌కు ఒక పక్క షాఫ్ట్‌నూ రెండో పక్క ఫ్లాంజ్‌నూ (అది బిగించి ఉన్న బిళ్లనూ) పట్టుకుని ఎదురెదురుగా తిప్పు. చేతికి సందు తెలిసిందంటే ఆ క్రాస్ పని అయిపోయినట్టే. క్రాస్ బేరింగు టోపీల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనిపించినా అంతే. విప్పేముందు ఫ్లాంజ్ మీదా షాఫ్ట్ మీదా కలిపి రంగుతో ఒక గీత గియ్యి, మళ్లీ అదే వరసలో బిగించడానికి.

బండి ఆగిన మరుక్షణం వెనక నుంచి ఎవరో తట్టినట్టు ఒక్క దెబ్బ వినిపిస్తే అది షాఫ్ట్ ముందుకూ వెనక్కూ జారే గాళ్లది (స్ప్లైన్లది) కావచ్చు. గ్రీజు ఎండిపోతే అక్కడ పట్టేసి ఒక్కసారిగా వదులుతుంది.

గతుకుల్లోనే వస్తే వేరే కథ. షాకప్ బుష్షులు, కింది బోల్టు, కమాన్ పట్టీల బుష్షులు, ఇరుసును కమాన్లకు బిగించే యూ బోల్టులు చూడు. వదులైన చోట ఇనుము రాసుకుని మెరుస్తుంటుంది, లేదా తుప్పు చార దిగి ఉంటుంది. రబ్బరు బుష్షు మారిస్తే మాత్రం, బండి బరువు చక్రాల మీద నిలిచాకే దాని బోల్టు చివరి బిగింపు ఇవ్వు. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరిగిపోతుంది.

రివర్స్ చేశాక వేసిన మొదటి బ్రేకుకే ఒకసారి ‘టక్’మంటే బ్రేకు షూ కదులుతోందేమో చూడు.

చప్పుడు ఆగకుండా వస్తుంటే దాని లయ లెక్కపెట్టు. గంటకు 10 కి.మీ. వేగంలో కారు చక్రం సెకనుకు సుమారు ఒకటిన్నర చుట్టు తిరుగుతుంది. షాఫ్ట్ దానికి దాదాపు 4 రెట్లు వేగంగా తిరుగుతుంది. లెక్కపెట్టగలిగేంత నెమ్మదిగా వస్తే చక్రం, డ్రమ్ము, వెనక బేరింగు వైపు చూడు. గబగబా వస్తే షాఫ్ట్ వైపో పినియన్ వైపో చూడు.

ఇవన్నీ బాగుంటే అప్పుడు హౌసింగ్. అప్పుడైనా ముందు ఆయిల్ దింపు. డ్రెయిన్ బోల్టుకు అయస్కాంతం ఉంటే దానికి అంటుకున్నది చూడు. మెత్తటి బూడిద రంగు ముద్ద మామూలు అరుగుదలే. పెళుసు ముక్కలో, పంటి ముక్కో దొరికితే విప్పక తప్పదు. పళ్ల మధ్య కొంచెం సందు ఉండటం మాత్రం తప్పు కాదు. చాలా కార్లలో 0.10 నుంచి 0.20 మి.మీ. వరకు ఉంటుంది, నూనె పొరకు ఆ చోటు కావాలి. ‘ఆడుతోంది’ అన్నంత మాత్రాన అరిగిందని అనుకోకు. డయల్ గేజ్ (సన్నటి సందు కొలిచే ముల్లు మీటరు) పెట్టి కొలవమను.

ముందు క్రాస్ తిప్పి చూసి, సందు ముందు చివరలో ఉందో వెనక చివరలో ఉందో రాయి.

మీ పెద్దనాన్న